అత్త పంచిన మాత్రలు

మత్తు డాక్టరును ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఆపరేషన్ బాగా జరిగితే సర్జన్‌కు దండం పెట్టి, దేవుడికి టెంకాయ కొట్టి ఇంటికి పోతారు. వాయిదా పడితే మాత్రం అందరికీ నేనే గుర్తొస్తాను. కర్నూలులో ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి కడపలో రిటైరయ్యేదాకా నా మీద ఒకటే ఫిర్యాదు: "ఆ మేడం ఒప్పుకోదు." నిజమే, నేను తేలిగ్గా ఒప్పుకునే మనిషిని కాను.

థైరాయిడ్ గడ్డకు ఆపరేషన్ మేలా, మాత్రలు మేలా అని ఫోన్ చేసి అడిగే పీజీ పిల్లలు ఈమధ్య ఎక్కువయ్యారు. పుస్తకాల్లో ఉంది, చదువుకోండి నాయనా అంటాను. చాలా గడ్డలకు ఆ రెండూ అక్కర్లేదు, అప్పుడప్పుడు చూసుకుంటూ ఉంటే చాలని కూడా అందులోనే ఉంటుంది. కానీ మీరు రాసిచ్చిన మాత్ర ఇంటికి పోయాక ఎవరి చేతిలో పడుతుందో పుస్తకంలో రాయరు. దాని గురించి నాకు తెలిసిన ఒక్క కేసు చెబుతాను. మీకు నవ్వొస్తే నవ్వుకోండి. ఆ రోజుల్లో నాకైతే బీపీ పెరిగింది.

ఆమెది ఎర్రగుంట్ల. పుట్టినిల్లు కోయిలకుంట్ల దగ్గర ఒక పల్లె. భర్త సిమెంటు లారీ తోలుతాడు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు. ఆమెకు చిన్న గాజుల అంగడి ఉంది. అయితే అసలు సంపాదన అంగడిలో కాదు, చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళిళ్ళకూ సీమంతాలకూ ఇళ్ళకు పోయి గాజులు తొడగడంలో.

మెడ ముందు భాగంలో కుడివైపు నిమ్మకాయంత గడ్డ ఉన్న సంగతి ఆమెకు తెలుసు. ఆస్పత్రికి మాత్రం దాని కోసం రాలేదు. గాజులు చిట్లుతున్నాయని వచ్చింది.

"పెండ్లికూతురి చేతికి ఎక్కిస్తాంటే చిట్లింది సార్. ఒగటి చిట్లితే పోనీలే అనుకుంటారు. వరసగా మూడు చిట్లినాయి. ఆ పిల్ల వాళ్ళమ్మ నన్ను చూసిన చూపుకు నేల చీలితే అందులోకి పోదామనిపించింది. అప్పట్నించి ఆ ఊర్లో ఎవురూ పిల్చేది ల్యా," అని మా ఫిజీషియన్‌తో చెప్పుకుని ఏడ్చిందట.

ఆయన ఆమెను చేతులు చాచమన్నాడు. వేళ్ళు సన్నగా, ఆగకుండా వణుకుతున్నాయి. నాడి పరుగులు తీస్తోంది. తింటున్నా మనిషి తగ్గిపోతోంది. పరీక్షలన్నీ చేయిస్తే తేలిందేమిటంటే, ఆ గడ్డ ఊరికే కూర్చుని లేదు. ఎవరి మాటా వినకుండా తనంతట తాను థైరాయిడ్ హార్మోన్‌ను తయారుచేసి రక్తంలోకి వదులుతోంది. మెడలో మిగతా గ్రంథి పని మానేసి ముడుచుకుని ఉంది. గడ్డలో క్యాన్సర్ లక్షణాలు లేవు. ఇటువంటి గడ్డను మాత్రలతో అదుపులో పెట్టవచ్చు, కానీ మాత్ర మానేస్తే మళ్ళీ మొదలు. కోసి తీసేస్తే దాని పీడ పోతుంది. రేడియో అయోడిన్ అని ఇంకో దారి ఉంది, దానికి పెద్ద ఊరికి పోవాలి. అంత దూరం నన్ను పిల్చుకపొయ్యేవాళ్ళు ఎవురూ లేరని ఆమె మొదటే చెప్పేసింది.

మా ఫిజీషియన్‌కు మాత్రల మీద ఉన్నంత నమ్మకం మనుషుల మీద ఉండేది కాదు. మా సర్జన్‌కు గడ్డ కనబడితే చేతులు ఊరుకునేవి కావు. ఇద్దరూ మంచి డాక్టర్లే, ఇద్దరి గదులూ ఎదురెదురే. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి మాత్రం మధ్యలో నేను కావాలి. "మీ సర్జన్‌కు చెప్పండి" అని ఈయన, "మీ మాత్రలాయనకు చెప్పండి" అని ఆయన. ఇద్దరూ నా వాళ్ళు ఎప్పుడయ్యారో నాకు తెలియదు.

చివరకు ముగ్గురం ఒక మాట మీదకు వచ్చాం. ముందు మాత్రలతో హార్మోన్‌ను దారికి తెచ్చి, ఆ తర్వాత ఆపరేషన్. ఈ వరుస మారడానికి వీల్లేదు. హార్మోన్ పొంగుతుండగా మత్తిచ్చి కోస్తే గుండె అదుపు తప్పుతుంది, జ్వరం కొలిమిలా లేస్తుంది, మనిషి టేబుల్ మీదే పోవచ్చు. కర్నూలులో కొత్తగా చేరిన రోజుల్లో అలాంటిది ఒకటి చూశాను. ఆ తర్వాత ఎవరెంత తిట్టినా ఈ ఒక్క విషయంలో నేను మెత్తబడలేదు.

మాత్రలు బ్రహ్మాండంగా పనిచేశాయి. వణుకు తగ్గింది, నాడి కుదుటపడింది. ఆపరేషన్‌కు రోజు కూడా చెప్పాం. ఆ రోజు మేమందరం వచ్చాం, ఆమె రాలేదు.

మళ్ళీ వచ్చేసరికి సంక్రాంతి దాటింది. మనిషి మొదటికంటే ఘోరంగా ఉంది. చీర కొంగుతో విసురుకుంటూ నా ముందు కూర్చుంది.

"ఆపరేషన్‌కు ఎందుకు రాలేదమ్మా?"

"బాగైపోయింది కదా మేడం."

"మరి మాత్రలు?"

"బాగైపోయినాక మాత్రలు యెందుకని మా అత్త నిలిపేసింది."

"మీ అత్త డాక్టరా?"

"కాదు మేడం. మా ఇంట్లో ఎవురికి ఏ మాత్రయినా ఆయమ్మే ఇస్తాది."

నాకు ఒళ్ళు మండింది. మాత్రలు పనిచేశాయి కాబట్టి ఆపరేషన్ అక్కర్లేదు, ఆపరేషన్ అక్కర్లేదు కాబట్టి మాత్రలూ అక్కర్లేదు! ఇంత చక్కటి లెక్క ఏ వైద్య కళాశాలలోనూ నేర్పరు. భర్తకు ఫోన్ చేస్తే వెనకాల లారీ హారన్ల మధ్య నుంచి, "మాయమ్మ యెట్ల చెప్తే అట్ల మేడం," అని పెట్టేశాడు.

మళ్ళీ మొదటి నుంచి మాత్రలు. ఈసారి ఒక్క పూట కూడా మానకూడదని నేనూ ఫిజీషియనూ వంతులేసుకుని అరిచాం. ఆమె బుద్ధిగా తలూపింది. చెప్పిన రోజుకు చేరింది కూడా. పొద్దున థియేటర్‌లో టేబుల్ మీద పడుకోబెట్టి మిషన్ తగిలిస్తే, నాడి చూసి నాకు మతిపోయింది. ఆదరాబాదరాగా పరిగెత్తుతోంది. భయం వల్లనేమోనని కాసేపు చూశాను. చేయి పట్టుకుంటే వేడిగా, తడిగా ఉంది. వేళ్ళ వణుకు నా చేతికి తెలుస్తోంది.

"ఈరోజు కుదరదు," అన్నాను.

సర్జన్ అప్పటికే చేతులు కడుక్కుని ఉన్నాడు. ఆ తడి చేతులు పైకెత్తి పట్టుకుని నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. "మీరు ఒప్పుకునే రోజు చూసి నేను రిటైర్ అవుతానండీ," అన్నాడు. ఆయన కంటే ముందు నేనే రిటైరయ్యాను, అది వేరే సంగతి.

ఆమె టేబుల్ మీద పడుకునే ఏడ్చింది. మాత్రలు మింగడం లేదు కదా నువ్వు అని అడిగాను. "నా బిడ్డల మీద ఒట్టు మేడం, ఒక్క పూట గూడ తప్పల్యా," అంది. నేను నమ్మలేదు. రక్తం పరీక్ష కూడా అబద్ధమాడుతున్నావనే చెప్పింది. ఫిజీషియన్ మోతాదు పెంచాడు. కొన్ని వారాల తర్వాత చూస్తే ఇంకా పెరిగింది. ఆయన మళ్ళీ పెంచాడు. జబ్బూ మళ్ళీ పెరిగింది. మాత్ర పెంచేకొద్దీ జబ్బు పెరగడం ఆయన సర్వీసులో చూడలేదు. పాపం, మాత్రల మీద నమ్మకం కూడా సడలిపోయి, "పోనీ కోసేయండి, ఇది మందులకు లొంగేది కాదు," అని సర్జన్‌కు తలవంచాడు. ఇద్దరూ మొదటిసారి ఒకటై నా గదిలోకి వచ్చారు. నేను కుదరదంటే కుదరదన్నాను. నాడి దిగనిదే మత్తు ఇచ్చేది లేదు.

ఆ కోపంలోనే ఆమెతో ఒక మాట అన్నాను. "మీ ఇంట్లో ఉన్న మాత్రలన్నీ తీసుకునిరా. ఇచ్చే మనిషిని కూడా వెంటబెట్టుకుని రా. ఆ మహాతల్లిని నేను చూడాలి."

మహాతల్లి వచ్చింది. కడప మే నెల ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. వరండాలో ఫ్యాన్లు వేడిగాలిని అటూ ఇటూ తోస్తున్నాయి. నా గది బయట బల్ల మీద ముగ్గురు ఆడవాళ్ళు కూర్చున్నారు. ఒక చివర మన గాజులామె, చెమటతో తడిసి ముద్దయి, అట్టముక్కతో విసురుకుంటోంది. మధ్యలో అత్త, ఒళ్ళో స్టీలు డబ్బా. ఇంకో చివర, ఒళ్ళో చంటిబిడ్డతో ఒక చిన్న వయసామె. మొహం ఉబ్బి ఉంది. ఆ ఎండలో స్వెట్టర్ వేసుకుని, తల వాల్చి నిద్రపోతోంది.

గుమ్మంలో అలాగే నిలబడిపోయాను. ఒకే బల్ల మీద ఒకామెకు ఉక్క, ఒకామెకు చలి.

"ఆమె ఎవరమ్మా?" అని అడిగాను.

"నా చిన్నకోడలు. దీనికి గూడ థైరాయిడేనమ్మా. కాన్పయినాక వచ్చింది. ఎర్రగుంట్ల డాక్టరు రాసిచ్చినాడు. మందు పెంచుతానే ఉండాడు, ఇది నిద్దరపోతానే ఉండాది."

"ఆ డబ్బా ఇలా ఇవ్వు."

మూత తీశాను. లోపల మాత్రలన్నీ కలిసి ఉన్నాయి. అత్త బీపీ మాత్రలు మాత్రం విడిగా గుడ్డలో మూటకట్టి ఉన్నాయి. మిగిలినవన్నీ రెండు రకాలు. హార్మోన్ ఎక్కువైన వాళ్ళకు దాన్ని తగ్గించడానికి ఇచ్చేవి, హార్మోన్ చాలని వాళ్ళకు దాన్ని నింపడానికి ఇచ్చేవి. ఒకటి మంట ఆర్పేది, ఒకటి మంట వేసేది.

"ఇవి ఎవరెవరికి ఎలా ఇస్తావు?" అని అడిగాను.

ముసలామె గర్వంగా నిటారుగా కూర్చుంది. "పొద్దున్నే ఇద్దర్నీ ఎదురుగా నిలబెట్టుకుంటా. ఇద్దరికీ థైరాయిడే కదా? ఆ రకం ఇద్దరికీ, ఈ రకం ఇద్దరికీ. ఒకరికి ఎక్కువ ల్యా, ఒకరికి తక్కువ ల్యా. సమానంగా ఇస్తాండా. ఈ ఇంటికి నన్ను కోడలిగా తెచ్చినప్పుడు మా అత్త మా తోడికోడలికి నెయ్యేసి, నాకు మజ్జిగ పోసేది. ఆ పొద్దే అనుకున్యా, నా ఇంట్లో కోడండ్లకు భేదం చూపించకూడదని. ఊర్లో ఎవుర్నన్నా అడుగు తల్లీ."

నాకు లెక్క తేలిపోయింది. మొదటిసారి గాజులామెకు మాత్రలు పనిచేసినప్పుడు ఈ చిన్నకోడలికి ఇంకా జబ్బే రాలేదు. ఆ తర్వాత కడపలో మా ఫిజీషియన్ పెద్దకోడలైన గాజులామెకు మాత్ర పెంచితే, అందులో సగం పోయి చిన్నామెను నిద్రపుచ్చింది. చిన్నామె నిద్రపోతోందని ఎర్రగుంట్లలో ఆ డాక్టరు మందు పెంచితే, అది సమానంగా వచ్చి పెద్దామె గుండెను పరిగెత్తించింది. ఒకరి మొహం ఒకరు చూడని ఇద్దరు డాక్టర్లు నెలల తరబడి ఒక స్టీలు డబ్బా మీదుగా కుస్తీ పడుతున్నారు. నన్నేమో అందరూ మొండిదంటున్నారు.

"ఇది నా మాత్ర కాదని నువ్వు చెప్పొద్దా?" అని గాజులామె మీద విరుచుకుపడ్డాను.

"ఒకపారి అన్యా మేడం. నీకొక రకం దానికొక రకమా, నన్ను భేదం చూపించమంటావా అని ఆ పూట అన్నం తినల్యా ఆయమ్మ. మల్లా యెట్ల అడిగేది?"

ఫిజీషియన్‌నూ సర్జన్‌నూ పిలిపించాను. ఇద్దరూ డబ్బాలోకి తొంగిచూసి, గోడవైపు తిరిగి నవ్వుకున్నారు. వివరించే పని ఎప్పటిలాగే నాకు వదిలేశారు. గ్రంథి, హార్మోన్, ఎక్కువ, తక్కువ అన్నీ చెప్పాను. ముసలామె ఓపికగా విని, "అదే కదమ్మా, ఇద్దరికీ థైరాయిడే," అంది. నాకు తెలివి పుట్టుకొచ్చింది. కోడలు గాజులు అమ్ముతుంది కదా, ఆ దారిలో పోదామనుకున్నాను.

"చూడవ్వా, నీ కోడళ్ళిద్దరికీ ఒకటే సైజు గాజులు పడతాయా? ఒకామెకు చిన్నవి, ఒకామెకు పెద్దవి పట్టవా?"

"పడతాయి. సైజులు వేరే."

"మరి! మాత్రలూ అంతే."

"సైజు ఏదయినా ఇద్దరికీ డజను డజనే కదమ్మా ఏసేది?"

సర్జన్ ఇంక ఆపుకోలేక బయటికి పోయాడు. నేను నెత్తి బాదుకుని, రెండు రకాలనూ రెండు సంచుల్లో పోసి, ఒకటి పెద్దామె చేతిలో పెట్టాను, రెండోది నిద్రలేపి చిన్నామె చేతిలో పెట్టాను. చిన్నామె బిడ్డకు పాలిస్తోంది కాబట్టి, బిడ్డకు కూడా పరీక్షలు చేయించాను. బిడ్డకు ఏమీ కాలేదు. ఆ కాగితం చూసేదాకా నా కోపం వెనక ఎంత భయముందో నాకే తెలియలేదు.

కొన్ని వారాల్లో పెద్దామె నాడి దారికొచ్చింది. చిన్నామె స్వెట్టర్ తీసేసింది. అప్పుడు మొదలైంది అసలు పంచాయితీ.

సర్జన్ గదిలో అందరం చేరాం. ఫిజీషియన్‌కు పోయిన నమ్మకం రెండింతలై తిరిగొచ్చింది. "చూశారా, నా మాత్రలో తప్పు లేదు. కోయాల్సిన పనేముంది? ఇలాగే వాడుకుంటే సరిపోతుంది," అన్నాడు. గడ్డ ఎక్కడికీ పోలేదు, ఇది జీవితాంతం లాగాల్సిన బండి అని సర్జన్. "ఇంగ కోత యెందుకు? మెడ మీద గీత పడితే చూసేటోళ్ళు ఏమనుకుంటారు?" అని అత్త. "మాయమ్మ యెట్ల చెప్తే అట్ల," అని ఫోన్‌లో లారీ. ఎవరికి వారే మాట్లాడుతున్నారు. నాకు చిర్రెత్తుకొచ్చి బల్ల మీద చరిచాను.

"మెడ ఎవరిది? ఆమెను ఎవరైనా అడిగారా?"

నేను ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాను. కోస్తే మచ్చ ఉంటుంది. గొంతు నరం పక్కనే ఉంటుంది కాబట్టి అరుదుగా గొంతు బొంగురు పోవచ్చు. మిగిలిన సగం గ్రంథి నిద్రలేచి పని అందుకుంటే మాత్ర అవసరం ఉండదు. అందుకోకపోతే ఇంకో రకం మాత్ర మింగాల్సి వస్తుంది. మాత్రలతోనే నెట్టుకొస్తానంటే అదీ కుదురుతుంది, నీ ఇష్టం అన్నాను.

ఆమె తన చేతులు చూసుకుంది. తర్వాత అత్తను చూసింది.

"మా అత్త మంచిది మేడం. అట్లాంటి అత్త యాడా దొరకదు. కానీ ఈ గడ్డ ఉన్నన్నాళ్ళు నేను మాత్ర మింగాల. ఆ పొద్దు మీరు సంచి నా చేతిలో పెట్టినారు. రేపు అది మల్లా ఆ డబ్బాలోకే పోతాది, నేను వద్దని అనలేను. నాకు బాగుండాదా ల్యాదా అని గూడ ఆయమ్మే చెప్తాది. నా చేతులు వణుకుతాండాయో ల్యాదో నాకు తెలీదా మేడం? నా చేతులు నాకు కావాల. తీసేయండి."

ముసలామె కళ్ళు తుడుచుకుంది. నాకు ఆమె మీద జాలేసింది, అంత కోపంలోనూ. ఫిజీషియన్ మాత్రం తలొంచుకుని కాగితం మీద రాశాడు, ఆపరేషన్‌కు అభ్యంతరం లేదని.

ఆపరేషన్ రోజు నాడి చూశాను. మళ్ళీ చూశాను. సర్జన్ తడి చేతులతో నిలబడి, "ఏం మేడం?" అన్నాడు భయంభయంగా. "కానివ్వండి," అన్నాను. నా నోటి నుంచి ఆ మాట విని థియేటర్‌లో నర్సులు కూడా ఆశ్చర్యపోయారు. గడ్డ సులువుగానే వచ్చింది. మత్తు వదులుతుండగా గొంతు సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఏదైనా మాట్లాడమన్నాను. చాలామంది నొప్పి అంటారు, లేదంటే నీళ్ళు అంటారు. ఆమె కళ్ళు తెరవకుండానే, "ఇంగ మాత్రల్లేవు కదా మేడం?" అంది. గొంతు గంటలా ఉంది. పరీక్షలు చూసి చెబుతానన్నాను. అన్నానే గానీ, ఆ పరీక్షల కోసం ఆమె కంటే నేనే ఎక్కువ ఎదురుచూశాను.

చూపించుకోవడానికి వచ్చినప్పుడు మళ్ళీ ముగ్గురూ వచ్చారు. రక్తం పరీక్ష బాగుంది. మిగిలిన సగం గ్రంథి పని అందుకుంది, మాత్ర అక్కర్లేదు. ఆ మాట చెప్పగానే ఆమె నవ్వింది, సంచిలోంచి గాజులు తీసి, వద్దంటున్నా మా నర్సు చేయి పట్టుకుని తొడగడం మొదలుపెట్టింది. నాలుగు వేళ్ళూ కలిపి నొక్కి, గాజులు ఒకదాని వెనక ఒకటి ఎక్కించేసింది. ఒక్కటీ చిట్లలేదు.

అప్పుడు అత్త చిన్నకోడలిని ముందుకు తోసింది.

"దీనికి గూడ ఎప్పుడు చేస్తారో చెప్పమ్మా."

"ఏం చేయాలి?"

"అదే, ఆపరేషన్. పెద్దదానికి చేసి చిన్నదానికి చేయకపోతే యెట్ల? రేపు నన్ను ఎవురేమంటారు?"

ఇంక నా వల్ల కాలేదు. ఈమెకు గడ్డే లేదు, తీయడానికేముంది అని అరవబోయాను. ఈలోగా చిన్నామె నా బల్ల దగ్గరకు వచ్చి, అత్తకు వినపడకుండా అడిగింది.

"నాకు గూడ మాత్ర ల్యాకుండా చేసేదానికి అయితుందా మేడం?"

నేనూ గొంతు తగ్గించాను. కాదమ్మా, నీకు కోసి తీసేదేమీ లేదు, నీ మాత్ర నువ్వు రోజూ మింగుకోవాల్సిందే అన్నాను. ఆమె తలూపి, తిరిగి పోయి అత్త పక్కన నిలబడింది. అత్త ఒళ్ళో అదే స్టీలు డబ్బా. చిన్నామె మాత్రల సీసా మళ్ళీ అందులోకే చేరిపోయిందని నాకు అర్థమైంది.

గాజులామె నర్సు చేయి వదిలేసి లేచింది. డబ్బా మూత తీసి, సీసా బయటికి తీసి, తోడికోడలి చేతిలో పెట్టింది. గాజులు తొడిగేటప్పుడు నొక్కినట్టే ఆ నాలుగు వేళ్ళూ సీసా చుట్టూ మడిచి గట్టిగా నొక్కింది.

"ఇది నీది. నీ కాడనే పెట్టుకో," అంది.

ముసలామె తన బీపీ మాత్రల మూట ఒక్కటే మిగిలిన డబ్బాను చూసుకుంది, నన్ను చూసింది.

"చూసినావా మేడమ్మా? ఇద్దరూ ఒకటైపోయినారు," అని ఫిర్యాదు చేసింది.

ఆమెతో నాకు పరిచయమైన దగ్గర్నుంచి ఆమె అన్న ఏ మాటకూ నేను అడ్డం చెప్పకుండా ఉండలేదు. ఆ ఒక్కదానికి మాత్రం, అవునవ్వా అని ఒప్పుకున్నాను.